గాలానికి పడట్లేదని ఇంకో ముప్పై వేల చేపపిల్ల పోయకండి: ఊరచెరువు చేపల మీద అపోహలు - వాస్తవాలు

మొన్న ఆదివారం పొద్దున ఆరు కాకముందే ఫోన్ మోగింది. "సారూ, మా చెరువు ఖాళీ అయింది. రెండు వారాలసంది గాలానికి ఒక్క చేప పడ్తలేదు. తలా వెయ్యి వేసుకొని ఇంకో ముప్పై వేల పిల్ల తెస్తున్నం. బొచ్చె తేవాల్నా, రవ్వు తేవాల్నా చెప్పుండ్రి."

వానాకాలం మొదలైందంటే ఇలాంటి ఫోన్లు వారానికి మూడు నాలుగు. ఊరు మారుతుంది, మాట మారదు. నేనూ ప్రతిసారీ ఒకటే అడుగుతాను: "చివరిసారి వల వేసి నాలుగు చేపలు తూచింది ఎప్పుడు, అన్నా?" అవతల కాసేపు చప్పుడుండదు.

ఇరవై రెండేళ్లుగా తెలంగాణ ఊరచెరువుల కట్టల మీదే నా బతుకు. మత్స్య సహకార సంఘాలతో కలిసి పిల్ల పోయించడం, ఎదుగుదల చూడడం, తూకాలు రాసుకోవడం నా పని. సెలవు దొరికితే నేనూ గాలం పట్టుకుని కూర్చునేవాణ్నే. అందుకే వల వేసేవాళ్ల గోడూ, గాలం వేసేవాళ్ల గోడూ రెండూ నాకు తెలుసు. ఇకమీదట ఫోన్ చేసినవాళ్లకు ఇదే పంపిస్తాను.

అపోహ: గాలానికి పడట్లేదంటే చెరువులో చేపల్లేవు. లేవు కాబట్టి ఇంకా పిల్ల పోయాలి.

సంఘాలను అప్పుల్లోకి దింపిన మాట ఇది. మిగతా అపోహలన్నీ కలిపినా దీనంత నష్టం చేయలేదు.

ముందు మీ చెరువులో ఉన్న చేపేదో, మీరు గాలానికి గుచ్చిన ఎరేదో చూసుకోండి. బొచ్చె, వెండిచేప నీళ్లలో తేలే సూక్ష్మజీవుల్ని వడగట్టుకుని తింటాయి. వానపామును వాటి ముక్కు ముందు ఆడించినా పట్టించుకోవు. బొచ్చె కావాలంటే తవుడు, పల్లిచెక్క కలిపిన ముద్ద పైనీళ్లలో వేలాడుతూ పొడిపొడిగా విడిపోవాలి. రవ్వు నడిమి నీళ్లలో తిరుగుతుంది. మ్రిగాల, బంగారుతీగ అడుగు బురదలో వెతుక్కుంటాయి, వాటికి గోధుమపిండి ముద్ద చాలు. గడ్డిచేపకు లేత గడ్డి. వానపాముకు ఎగబడేవి జెల్లలు, జిలేబీలు (తిలాపియా), పరకలు. కొర్రమట్టకైతే కదిలే ఎర ఉండాలి, కప్పపిల్లో చిన్న చేపో. బొచ్చెలు పోసిన చెరువులో వానపాములతో పొద్దంతా కూర్చుని, సాయంత్రం "చెరువు ఖాళీ" అని ఊరంతా చెప్పేవాళ్లను ఎంతమందిని చూశానో.

దీనికి తోడు కాలం ఒకటి. మే నెల మధ్యాహ్నం చేప లోతుకు పోతుంది. డిసెంబరు, జనవరిలో మేత తగ్గిస్తుంది. ముసురు పట్టిన రోజుల్లో నీళ్లలో ప్రాణవాయువు తగ్గితే ఎంత మంచి ముద్దయినా వాసన చూసి వదిలేస్తుంది.

అసలు సంగతి ఇప్పుడు. మేత వేయకుండా వదిలేసిన ఊరచెరువు తన నీళ్లలో, తన బురదలో పుట్టే తిండితోనే చేపను పెంచుతుంది. అది ఎకరానికి ఏడాదికి 200 కిలోలు ఇచ్చే చెరువు అనుకోండి. అందులో 300 చేపలు బతికితే ఒక్కోటి 650 గ్రాముల పైన తూగుతుంది. వెయ్యి బతికితే 200 గ్రాములే. చెరువు ఇచ్చేది అదే 200 కిలోలు, పంచుకునే నోళ్లే పెరిగాయి. బజారులో 200 గ్రాముల రవ్వును పెద్ద రవ్వు ధరకు ఎవరూ కొనరు. పిల్ల కొన్న ఖర్చు మాత్రం మూడింతలు.

మూడేళ్ల కిందటి ముచ్చట ఒకటి చెప్తాను. పన్నెండెకరాల చెరువు. పూడిక తీసిన గుంతల వల్ల ఎండాకాలంలోనూ నీళ్లుంటాయి. ఆ ఊరి కుర్రాడొకడు హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తూ, ఇంటినుంచి పని అనేసరికి ఊరికొచ్చాడు. సంఘం పెద్దల్ని ఒప్పించి ఆదివారాలు టికెట్ పెట్టి పట్నంవాళ్లతో గాలాలు వేయిద్దామన్నాడు. మొదటి వారం ఇరవై మంది వచ్చారు. నాలుగో వారానికి ముగ్గురు. పడింది జిలేబీలు, పరకలు. సంఘంవాళ్లు తమ వలలు వేసి చూశారు. వాటికీ పడలేదు. ఇక రుజువు దొరికినట్టే. అప్పు తెచ్చి మళ్లీ పిల్ల పోద్దామని తీర్మానం. ఆ కుర్రాడు రాత్రి పదింటికి నాకు ఫోన్ చేసి, "అంకుల్, ఊరంతా నన్నే తిడుతున్నారు" అన్నాడు. గొంతు వణుకుతోంది. పొద్దున్నే వస్తానని చెప్పాను.

వెళ్లి మొదట వాళ్ల వల చూశాను. నాలుగంగుళాల కన్ను. అరకిలో లోపు చేప అందులోంచి దర్జాగా దాటిపోతుంది. చిన్న కన్ను లాగుడు వల తెప్పించి ఒక మూల లాగించాం. ఒడ్డుకొచ్చేసరికి వల తెల్లగా మెరిసిపోతోంది. అన్నీ అరచేతి కంటే కాస్త పెద్దవి. తల పెద్దది, ఒళ్లు సన్నం. తలకు తగ్గ ఒళ్లు లేని చేప కనబడితే అది ఆకలితో ఉన్న చెరువని అర్థం. సగటు తూకం 180 గ్రాములు.

ఎన్ని ఉన్నాయో కూడా లెక్కేశాం. ఇది ఎవరైనా చేసుకోగల పని. 200 చేపలకు కడుపు కింది రెక్క కొస కొంచెం కత్తిరించి నీళ్లలో వదిలాం. పది రోజులు అన్నిటితో కలవనిచ్చాం. తర్వాత చెరువులో వేర్వేరు చోట్ల అదే వల లాగితే 360 చేపలు వచ్చాయి. అందులో రెక్క కత్తిరించినవి ఆరే. అంటే అరవైలో ఒకటి మనది. మనం వదిలినవి 200 కాబట్టి చెరువులో ఉన్నవి సుమారు పన్నెండు వేలు. అటూ ఇటూగా ఉండే లెక్కే, కానీ "ఖాళీ" అన్న మాటకూ పన్నెండు వేలకూ మధ్య ఎంత దూరమో చూడండి. ఎకరానికి వెయ్యి చేపలు, ఒక్కోటి 180 గ్రాములు. పైన వేసిన లెక్క గుర్తుందిగా.

నేను చెప్పింది ఒక్కటే. పిల్ల తేవద్దు, ఉన్నవాటిలో మూడింట రెండు వంతులు తీసేయండి. సంఘంలో ఒక పెద్దాయన లేచి, "పిల్లల్ని అమ్ముడేంది సారూ, పాపం తగుల్తది" అన్నాడు. ఆయన కోపంలో తప్పు పట్టడానికేం లేదు. ఒక ఏడాది పిల్ల దొరకక, చెరువు ఎండి, వలసపోయిన రోజులు చూసిన మనిషి. చేప కళ్లముందు కనబడుతుంటే తీసేయమనడం ఆయన చెవికి పంట పీకేయమన్నట్టే వినబడుతుంది. గంటన్నర మాట్లాడాం. చివరికి ఒప్పుకున్నది నా మాటకు కాదు, వాళ్లావిడ "పత్తి చేన్ల మొక్కలు పల్చన చేస్తలేమా" అన్నందుకు. చిన్నచేప తక్కువ ధరకే పోయింది. మిగిలిన నాలుగు వేలు తరువాతి సంక్రాంతికి సగటున 700 గ్రాములకొచ్చాయి. గాలంవాళ్లకు పిండిముద్ద అలవాటు చేశాక ఆదివారాలూ మళ్లీ నిండాయి.

నేనేమీ పుట్టుకతో ఇవన్నీ తెలిసినవాణ్ని కాదు. పనిలో చేరిన కొత్తలో ఎంత పోయిస్తే అంత గొప్పని లక్షల్లో రాసుకుని మురిసిపోయినవాణ్నే. ఒక పాత చెరువులో అంగుళంన్నర పిల్లను భారీగా పోయించాను. ఆ చెరువు నిండా కొర్రమట్టలు, వాలుగలు. నేను పోయించింది పిల్ల కాదు, వాటికి విందు. ఆ ఏడు రవ్వుల పంట పోయింది. గాలం పట్టేవాళ్లకు మాత్రం రెండు కిలోల కొర్రమట్టలు పడ్డాయి, ఇప్పటికీ నాకు దండం పెడతారు. సంఘంవాళ్లు రెండేళ్లు నాతో మాట్లాడలేదు. వేటచేపలున్న పెద్ద చెరువులో 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్ల పోయాలి, సంఖ్య తక్కువైనా పర్లేదు. 35-40 మిల్లీమీటర్ల పిల్ల ఏటా ఎండిపోయే చెరువులకే, అక్కడ తినేసే పెద్దచేప మిగలదు కాబట్టి. పిల్ల బస్తా రాగానే మిట్టమధ్యాహ్నం ధనధన కుమ్మరించకండి. సంచులు మూతి కట్టినట్టే చెరువు నీళ్లలో పావుగంట తేలనివ్వండి, రెండు నీళ్ల వేడి ఒకటయ్యాక వదలండి. కప్పుల లెక్కన ఇచ్చే పిల్లలో ఒక్క కప్పునైనా మీ చేత్తో లెక్కపెట్టుకోండి. ఎందుకో చెప్పనక్కర్లేదు.

అపోహ: ఒకసారి పోస్తే అవే గుడ్లు పెట్టి పెరుగుతాయి, ఏటా పోయడం దండగ.

బొచ్చె, రవ్వు, మ్రిగాల నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు. వరద పారే నది కావాలి. మత్తడి (అలుగు) దుంకేటప్పుడు నీటి వెంట దూకే చేపల్ని చూసి సంతానం పెరుగుతోందని మురిసిపోతారు, నిజానికి మీ చేప మీ చెరువు దాటి పోతోంది. మత్తడికి జాలి కట్టండి. 1957 జూలై 10న మత్స్య శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి ఒడిశాలో పిట్యూటరీ గ్రంథి సారంతో ఈ చేపల చేత గుడ్లు పెట్టించారు కాబట్టే ఇవాళ హేచరీ పిల్ల దొరుకుతోంది. ఏటా ఆ రోజునే చేపల రైతుల దినోత్సవం జరుపుకుంటాం. ఇక చెరువులో తనంతట తాను పిల్లలు పెట్టేవి బంగారుతీగ, జిలేబి, కొర్రమట్ట. జిలేబి గుడ్లను నోట్లో దాచుకుని మరీ పెంచుతుంది, అదుపు తప్పితే చెరువంతా అదే. కొర్రమట్ట తల్లీతండ్రీ ఎర్రటి పిల్లల గుంపు చుట్టూ కాపలా తిరుగుతాయి. ఆ గుంపు కనబడ్డచోట గాలం వేయడం సులువే, కాపలా చేప కోపంతో కొరికేస్తుంది. దాన్ని తీస్తే ఆ గుంపును పరకలూ జెల్లలూ పొద్దూకేలోగా ఖాళీ చేస్తాయి. రాష్ట్ర చేప అని పేరు పెట్టుకున్నాం, పిల్లల్ని కాచుకునే ఆ రోజులైనా వదిలేయండి.

అపోహ: చేపలు చచ్చి తేలాయంటే ఎవడో మందు కలిపాడు.

కలిపిన సందర్భాలున్నాయి, కాదనను. చేపల కోసం నీళ్లలో విషం కలపడం, మందుగుండు పేల్చడం 1897 నాటి చట్టం కిందే నేరం. కానీ నేను చూసినవాటిలో ఎక్కువ ప్రాణవాయువు అందక చచ్చినవి. నీళ్లను ఆకుపచ్చగా చేసే సన్నటి నాచు పగలు ప్రాణవాయువును తయారుచేస్తుంది, రాత్రి అదే తాగేస్తుంది. మబ్బు పట్టి రెండు రోజులు ఎండ లేకపోతే తెల్లవారుజాముకు లీటరు నీటిలో రెండు మిల్లీగ్రాములు కూడా మిగలకపోవచ్చు. ఐదు ఉంటే చేపకు హాయి. తేడా పట్టడం కష్టమేం కాదు. తెల్లవారుజామున పైకొచ్చి నోరు తెరిచి, పెద్దవి ముందు పోయి, కొర్రమట్ట, మార్పు, ఇంగిలాయి గాలి మింగి బతికి ఉంటే అది ఊపిరాడక జరిగింది. పొద్దున అనక మాపున అనక చిన్నాపెద్దా చేపలతో పాటు నీటిపురుగులు, రొయ్యలు కూడా పోతే మందును అనుమానించండి, అప్పుడు నీళ్లు సీసాలో పట్టి ఐసులో పెట్టండి. పైకి తేలుతుండగా చూస్తే మోటరు పెట్టి చెరువు నీళ్లనే చెరువులోకి జల్లులా కొట్టండి. పక్క ఊరి మీదికి కర్రలు పట్టుకుపోకండి. ఒక ఊళ్లో ఇదే అనుమానంతో అన్నదమ్ముల పిల్లలు ఇప్పటికీ కోర్టుకు తిరుగుతున్నారు. చేపలు పోయిన తెల్లారి అరవై కుటుంబాల మొహాలు నేను చూశాను. అంత నష్టం జరిగితే మనసు ఒక శత్రువును వెతుక్కుంటుంది, అది తెలుసు. అయినా ముందు ఫోన్ నాకు చేయండి, ఠాణాకు తర్వాత.

అపోహ: గాలంవాళ్లే చెరువు ఖాళీ చేస్తున్నారు.

పదిమంది ఆదివారం పొద్దంతా కూర్చుని పట్టేది విసురు వల నాలుగుసార్లు విసిరితే వచ్చినంత. దొంగచాటుగా రాత్రి కరెంటు తీగ వేసేవాణ్ని వదిలేసి ముసలాయన గాలం కర్ర విరవడం నాకు నచ్చదు. అయితే చెరువు మీద హక్కు సంఘానిది. అడగకుండా గాలం వేయడం మర్యాదా కాదు, సబబూ కాదు.

అపోహ: ఆఫ్రికా క్యాట్ ఫిష్ వేస్తే లాభం, గాలానికీ బాగా పడుతుంది.

పడుతుంది. మీ చెరువులో మిగతాదంతా తిన్నాక అదొక్కటే పడుతుంది. 2000లోనే కేంద్రం నిషేధించింది. ఇక దీని మీద మాట్లాడను.

అమావాస్య, పౌర్ణమి, ఎర మీద ఇంగువ, హోమియో చుక్కలు: నా నోటు పుస్తకంలో వీటికి ఏ లెక్కా తేలలేదు. ఇంగువ కలిపితే ముద్ద వాసన బాగుంటుంది, అంతే.

ఈ ఆదివారం వెళ్లేవాళ్లకు: కట్ట ఎక్కేముందు సంఘంవాళ్లను కలిసి ఏమేం పోశారో అడగండి. తూము వైపు లోతు చూసుకోండి. పిడికెడు పిండి చల్లి, అరగంట ఊరికే కూర్చుని, ఆ తర్వాత గాలం వేయండి. పడిన మొదటి చేపను తూచి, తలా ఒళ్లూ కనబడేలా ఫొటో తీసి పంపండి.