నత్తితో ఉద్యోగం చేయడం: అపోహలు - వాస్తవాలు

స్పీచ్ థెరపిస్ట్‌గా నా దగ్గరకు వచ్చే పెద్దవారిలో చాలామంది చిన్నప్పటి నుంచి నత్తితోనే చదువుకొని, పరీక్షలు నెగ్గి, ఉద్యోగంలో చేరి, అక్కడ ఏదో ఒక మలుపు దగ్గర ఆగిపోయినవారు. పదోన్నతికి ఇంటర్వ్యూ ఉంటుంది, లేదా టీమ్ లీడ్ అయినందువల్ల వారం వారం క్లయింట్‌తో మాట్లాడవలసి వస్తుంది, లేదా బ్యాంకులో వెనుక సీటు నుంచి కౌంటరుకు మారుస్తారు. అందరి మాటల్లోనూ ఒకే వరుస వినిపిస్తుంది: ముందు నత్తి పోవాలి, ఆ తర్వాత ధైర్యం రావాలి, అప్పుడు నలుగురిలో మాట్లాడాలి. ఈ వరుసను తిరగవేయడమే నా పనిలో సగభాగం. దానికి ఊతమిస్తున్న అపోహలను ఇక్కడ పరిశీలిస్తాను.

అపోహ: భయం వల్ల, ఆత్మవిశ్వాసం లేకపోవడం వల్ల నత్తి వస్తుంది.

వాస్తవం: నత్తి ఎక్కువగా రెండు నుంచి ఐదేళ్ల మధ్య, పిల్లలు వాక్యాలు కూర్చడం నేర్చుకొనే వయసులో మొదలవుతుంది. నూరు మంది పిల్లల్లో సుమారు ఐదుగురు ఏదో ఒక దశలో నత్తిగా మాట్లాడతారు. వారిలో ఎక్కువమందికి అది దానంతటదే తగ్గిపోతుంది, పెద్దవారిలో సుమారు 1 శాతం మందికి మిగిలిపోతుంది. అలా మిగిలినవారిలో ఆడవారి కంటే మగవారి సంఖ్య సుమారు నాలుగు రెట్లు. కొన్ని కుటుంబాల్లో ఇది తరాలుగా కనిపిస్తుంది. 2010లో అమెరికా పరిశోధకులు పాకిస్తాన్‌కు చెందిన కుటుంబాలను పరిశీలించి, నత్తితో సంబంధమున్న జన్యు మార్పులను గుర్తించారు. మాటను సిద్ధం చేసే మెదడు భాగాలకూ, నోటి కండరాలను కదిలించే భాగాలకూ మధ్య ఉన్న అనుసంధానంలో తేడాలున్నట్లు మెదడు చిత్రాలు చూపిస్తున్నాయి. చెప్పవలసినది మనసులో స్పష్టంగానే ఉంటుంది, అది బయటికి వచ్చే దారిలో క్షణకాలం బిగుసుకుపోతుంది.

మరి భయం ఎక్కడిది? అది తర్వాత వచ్చి చేరుతుంది. 1939లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం జరిగింది. అనాథాశ్రమంలో మామూలుగా మాట్లాడుతున్న కొందరు పిల్లలకు, మీకు నత్తి మొదలవుతోంది, జాగ్రత్తగా మాట్లాడండి అని పదేపదే చెప్పారు. ఆ పిల్లలు ముడుచుకుపోయారు, మాట్లాడటమే తగ్గించుకున్నారు. అయితే వారిలో నిజమైన నత్తి పుట్టలేదని తర్వాతి కాలంలో ఆ వివరాలను తిరిగి పరిశీలించినవారు తేల్చారు. 2001లో ఆ విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పింది. పసివాళ్లపై చేసిన ఈ క్రూరమైన పనిని తలచుకొన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. కానీ భయం నత్తిని పుట్టించదనీ, మాటకు ముద్ర వేస్తే భయం మాత్రం పుడుతుందనీ దీనివల్ల తెలుస్తుంది.

అపోహ: నాలుక మందంగా ఉండటమే కారణం. వస పోస్తే, లేదా నాలుక కింది పొర కోయిస్తే తగ్గుతుంది.

వాస్తవం: బెర్లిన్‌లో డీఫెన్‌బాఖ్ అనే శస్త్రవైద్యుడు 1841లో, మత్తు ఇచ్చే పద్ధతి ఇంకా రాని రోజుల్లో, నత్తి తగ్గించడానికి నాలుక మొదలు దగ్గర కోశాడు. ప్రయోజనం లేక వైద్యులు ఆ పద్ధతిని వదిలేశారు. నాలుక కింది పొర బిగుతుగా ఉంటే కొన్ని అక్షరాలు పలకడం కష్టం కావచ్చు, కానీ దానికీ నత్తికీ సంబంధం లేదు. ఇక వస సంగతి. గలగలా మాట్లాడే పిల్లను వసపిట్ట అనడం మన భాషకు అందమే, కానీ వసకొమ్ము అరగదీసి నాకిస్తే మాట సాఫీగా వస్తుందనడానికి ఆధారం లేదు. పైగా అందులోని అసరోన్ అనే పదార్థం హానికరమని అమెరికాలో 1968 నుంచి వసను ఆహార పదార్థాల్లో నిషేధించారు. పసిపిల్లలకు పెట్టవద్దని తల్లులకు గట్టిగానే చెబుతాను.

అపోహ: నిన్న క్యాంటీన్‌లో బాగానే మాట్లాడాడు, ఈ రోజు మేనేజరు ముందు నత్తి అంటే నటనే.

వాస్తవం: నత్తి స్వభావమే హెచ్చుతగ్గులు. పద్యం పాడేటప్పుడు, పదిమందితో కలిసి చదివేటప్పుడు, ఒంటరిగా ఉన్నప్పుడు అది దాదాపు మాయమవుతుంది. తన పేరు చెప్పవలసినప్పుడు మాత్రం తరచుగా వస్తుంది, ఎందుకంటే పేరుకు బదులు మరో మాట వేసుకొనే వీలు లేదు.

అపోహ: నిదానంగా మాట్లాడమని, ఊపిరి పీల్చుకొమ్మని చెబితే చాలు.

వాస్తవం: ఈ విషయంలో నేనూ మొదట్లో పొరబడ్డాను. వృత్తిలోకి వచ్చిన తొలి సంవత్సరాల్లో మాటను సాగదీసి నెమ్మదిగా పలకడం నేర్పి, నిమిషానికి ఎన్ని అక్షరాల దగ్గర నత్తి వచ్చిందో లెక్కించి, ఆ లెక్క సున్నాకు వస్తే పని పూర్తయిందని రాసుకొనేవాణ్ణి. ఒక బ్యాంకు ఉద్యోగి నా గదిలో ఆ సున్నాకు చేరుకున్నారు. కొన్ని నెలల తర్వాత మళ్లీ వచ్చినప్పుడు, కౌంటరు దగ్గర ఖాతాదారుల పేర్లు పిలవవలసి వస్తే ఇప్పటికీ పక్క సీటు ఆయననే పిలవమంటున్నానని చెప్పారు. నత్తి లెక్క తగ్గింది, తప్పించుకోవడం మాత్రం ఏమాత్రం తగ్గలేదు. నేను కొలిచింది ఆయన కష్టంలో చిన్న ముక్కను మాత్రమే.

అమెరికాకు చెందిన మనస్తత్వవేత్త జోసెఫ్ షీహన్ నత్తిని నీటిలో తేలే మంచుకొండతో పోల్చాడు. పైకి వినిపించే తడబాటు కొద్దిగానే ఉంటుంది, నీటి అడుగున సిగ్గు, భయం, దాపరికం పెద్దగా ఉంటాయి. ఆఫీసులో ఈ దాపరికం ఎన్ని రూపాల్లో ఉంటుందో బయటివారికి తెలియదు. ఫోన్ చేస్తే అయిపోయే పనికి పొడవైన ఈమెయిల్ రాస్తారు. మీటింగులో తమ వంతు దగ్గరపడుతుంటే మంచినీళ్ల నెపంతో లేచి వెళ్తారు. ‘పదిహేను’ అనడం కష్టమని తారీఖునే మార్చి చెబుతారు. అసలు మాట రాకముందు ‘అంటే, అదేమిటంటే, మరి’ అని పేర్చుకుంటూ పోతారు. జవాబు తెలిసీ తెలియదంటారు, ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెడుతుంది. అలా తప్పించుకున్న ప్రతిసారీ క్షణకాలం ఊరట కలుగుతుంది, ఆ ఊరటే మరుసటిసారి భయాన్ని రెట్టింపు చేస్తుంది.

అందువల్ల ఇప్పుడు నా పని మరో చోట మొదలవుతుంది. ఏయే సందర్భాలను తప్పిస్తున్నారో రాయించి, తేలికైన దాని నుంచి కష్టమైన దాని వరకు మెట్లుగా పేర్చి, ఒక్కో మెట్టునూ నిజమైన చోటే ఎక్కిస్తాను. స్వయంగా నత్తి ఉన్న చార్లెస్ వాన్ రైపర్ అనే ఆచార్యుడు రూపొందించిన పద్ధతులు ఇక్కడ ఉపయోగపడతాయి. ‘ప’ దగ్గర పెదవులు బిగుసుకుంటే బలం పెట్టి తోయకుండా, ఆ బిగువును గమనించి, మెల్లగా సడలించి, అక్కడి నుంచే మాటను సాగనివ్వాలి. కొన్నిసార్లు కావాలనే, తేలికగా, నత్తిగా పలకమని కూడా చెబుతాను. మొదట వింతగా అనిపించినా, దేనికైతే ఇన్నేళ్లూ భయపడ్డారో దాన్ని తమ ఇష్టంతో చేసినప్పుడు భయం పట్టు సడలుతుంది.

అపోహ: నత్తి ఉందని ఆఫీసులో చెప్పుకుంటే చులకనవుతాం.

వాస్తవం: చెప్పే తీరును బట్టి ఉంటుంది. ‘క్షమించండి, నాకు సరిగ్గా మాట్లాడటం రాదు’ అనడం వేరు, ‘నాకు నత్తి ఉంది, కొన్ని మాటల దగ్గర ఆగుతాను, పూర్తయ్యేదాకా వినండి’ అనడం వేరు. క్షమాపణ లేకుండా సూటిగా చెప్పినవారిపై వినేవారికి మెరుగైన అభిప్రాయం కలుగుతుందని పరిశోధనల్లో తేలింది. ఇంటర్వ్యూలోనూ, కొత్త క్లయింట్‌తో మొదటి ఫోన్‌లోనూ ఈ ఒక్క వాక్యం పెద్ద బరువును దించుతుంది. ఫోన్‌లో మాట బిగుసుకుంటే అవతలివారు లైను కట్టయిందనుకొని పెట్టేస్తారు, ముందే తెలిస్తే ఆగుతారు. సహోద్యోగులకు ఒక మనవి: మాటను మీరు పూరించకండి, చూపు తిప్పుకోకండి, ‘కంగారు పడకు’ అనకండి. ఆగి వినడం చాలు.

అపోహ: నత్తి ఉన్నవారికి మాట్లాడే ఉద్యోగాలు పనికిరావు.

వాస్తవం: కంప్యూటరు ముందు కూర్చుంటే మాట్లాడే పని ఉండదని తల్లిదండ్రులు పిల్లలను సాఫ్ట్‌వేర్ వైపు పంపుతుంటారు. అక్కడ ప్రతి ఉదయం వరుసగా ఒక్కొక్కరు తమ పని గురించి చెప్పాలి. వంతు కోసం వేచి ఉండే ఆ నిమిషాలే నత్తి ఉన్నవారికి అతి కష్టమైనవి. మొదటే మాట్లాడతానని అడిగి తీసుకొమ్మంటాను. నత్తి ఉన్న బ్రిటన్ రాజు ఆరవ జార్జ్, రాజు కాకముందే, 1926 నుంచి లయొనెల్ లోగ్ అనే స్పీచ్ థెరపిస్ట్ దగ్గర సాధన చేశారు. 1939 సెప్టెంబరు 3న యుద్ధం గురించి రేడియోలో మాట్లాడినప్పుడు కూడా ఆయన మాటల మధ్య విరామాలు స్పష్టంగా వినిపిస్తాయి. అయినా చెప్పవలసినదంతా చెప్పారు.

అపోహ: పది రోజుల్లో నత్తి పూర్తిగా పోగొట్టే చికిత్స ఉంది.

వాస్తవం: పెద్దవారిలో పూర్తిగా పోగొడతామని ఎవరూ హామీ ఇవ్వలేరు. నత్తి కోసమంటూ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించిన మందు ఒక్కటీ లేదు. మన గొంతునే కాస్త ఆలస్యంగా చెవిలో వినిపించే పరికరాలు కొందరికి కొంతకాలం సాయపడతాయి. ఏ పద్ధతిలోనైనా తగ్గిన నత్తి ఒత్తిడి రోజుల్లో మళ్లీ పెరగడం సహజం, దాన్ని ఓటమిగా భావించనవసరం లేదు. చికిత్సకు వెళ్లేముందు ఆ వ్యక్తికి భారత పునరావాస మండలిలో నమోదు ఉందో లేదో చూడండి. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, సికింద్రాబాదులో ఉన్న అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ప్రభుత్వ రంగంలోనివి. ఎక్కడికి వెళ్లినా మొదటి రోజే రెండు ప్రశ్నలు అడగండి: నా నత్తి ఎంత తగ్గిందో మాత్రమే కొలుస్తారా, లేక నేను తప్పించుకుంటున్న సందర్భాలు ఎన్ని తగ్గాయో కూడా చూస్తారా? ఈ గదిలో నేర్చుకున్నదాన్ని నా కౌంటరు దాకా, నా ఫోన్ దాకా ఎలా తీసుకువెళ్తారు?