హెచ్‌-4 పిల్లలకు 21 ఏళ్ళ గండం ఎలా వచ్చింది

నాలుగైదేళ్ళ వయసులో అమ్మానాన్నల వెంట హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బయల్దేరి డాలస్‌లోనో న్యూజెర్సీలోనో దిగిన పిల్లలు అక్కడే అక్షరాలు దిద్దుకుంటారు, అక్కడే హైస్కూలు పూర్తిచేస్తారు. 21 నిండిన రోజున వాళ్ళ హెచ్‌-4 హోదా (హెచ్‌-1బి ఉద్యోగ వీసా మీద వెళ్ళినవాళ్ళ భార్య లేదా భర్తకూ, పిల్లలకూ ఇచ్చేది) ముగిసిపోతుంది. అక్కడ పుట్టిన తమ్ముడో చెల్లెలో అమెరికా పౌరులు. తల్లిదండ్రులకు హెచ్‌-1బి పొడిగింపులు వస్తూనే ఉంటాయి. ఆ ఇంట్లో ఒక్క పెద్దబిడ్డకే ఉండే ఆధారం పోతుంది. మనవాళ్ళు దీన్ని ‘ఏజ్ అవుట్’ అంటారు. పిల్లలను వేరుచేయాలని ఎవరూ ఈ నిబంధన రాయలేదు. వేర్వేరు కాలాల్లో వేర్వేరు అవసరాలకు చేసిన నాలుగు చట్టాలు ఒకే ఇంటి మీద పడ్డాయి.

21 అనే అంకె 1952 నాటిది. ఆ ఏడాది వచ్చిన ఇమిగ్రేషన్ చట్టం ‘బిడ్డ’ అంటే పెళ్ళికాని, 21 ఏళ్ళు నిండని వ్యక్తి అని నిర్వచించింది. అప్పట్లో అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ఓటు వయసు 21. 1971లో ఓటు వయసు 18కి దిగింది, ఇమిగ్రేషన్ చట్టంలో మాత్రం పాత అంకె అలాగే ఉండిపోయింది. ఆ రోజుల్లో ఇండియా వాళ్ళకు ఇది పట్టే విషయమే కాదు. 1946 చట్టం భారతీయులకు ఇచ్చిన కోటా ఏడాదికి 100.

1965 అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన చట్టం ఆ జాతి కోటాలను తీసేసింది. తూర్పు అర్ధగోళంలోని ఏ దేశానికైనా ఏడాదికి 20,000 మించకుండా ఒకే పరిమితి పెట్టింది. చిన్న దేశం, పెద్ద దేశం అన్న తేడా లేకపోవడమే అప్పటి న్యాయం. నిజంగా అది న్యాయమే, ఎందుకంటే అంతకుముందున్నది జాతి వివక్ష. ఆ తలుపులోంచే మొదటి తరం తెలుగు డాక్టర్లు, ఇంజినీర్లు వెళ్ళారు. వాళ్ళలో చాలామంది శాశ్వత నివాస హోదాతోనే దిగారు. భార్యాబిడ్డలకూ అదే హోదా. కాబట్టి 21వ పుట్టినరోజు ఆ ఇళ్ళలో మామూలు పుట్టినరోజే.

1990 చట్టంతో లెక్క మారింది. ఉద్యోగాల ద్వారా ఇచ్చే గ్రీన్‌కార్డులను, అంటే శాశ్వత నివాస హోదాలను, ఏడాదికి 1,40,000గా, అందులో ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్ళకైనా 7 శాతంగా నిర్ణయించారు. అదే చట్టం హెచ్‌-1బి వీసాను తెచ్చి, ఏడాదికి 65,000 పరిమితి పెట్టింది. ఆ వీసాకు దేశాలవారీ పరిమితి మాత్రం పెట్టలేదు. వై2కె కాలంలో అమీర్‌పేటలో కోర్సు నేర్చుకుని వెళ్ళినవాళ్ళంతా ఈ వెడల్పాటి ద్వారంలోంచి వెళ్ళినవాళ్ళే. 2000లో పరిమితిని తాత్కాలికంగా 1,95,000కు పెంచారు. 2004 చట్టం అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్ళకు అదనంగా 20,000 ఇచ్చింది. వచ్చే దారి ఇంత విశాలమైనా, స్థిరపడే దారి 1990లో ఎంత ఉందో అంతే ఉండిపోయింది.

ఎంత ఇరుకో అంకెల్లో చూడాలి. ఉన్నత డిగ్రీలున్న ఉద్యోగుల ఈబీ-2 కేటగిరీకి ఆ 1,40,000లో వాటా 28.6 శాతం, అంటే 40,040. అందులో 7 శాతం 2,803. ఇతర దేశాలవాళ్ళు వాడుకోకుండా మిగిల్చినవి కొన్ని కలిసినా, ఇండియాకు ఖాయంగా దక్కేది అంతే. చాలామంది గమనించనిది ఇంకొకటి ఉంది. ఈ 2,803లో ఉద్యోగి ఒక్కరినే కాదు, భార్యనూ పిల్లలనూ కూడా లెక్కేస్తారు. నలుగురున్న ఇంటికి నాలుగు నంబర్లు ఖర్చవుతాయి. నిలబడేది కుటుంబంగానైనా క్యూలో లెక్కించేది తలలను.

ఇంత ఇరుకైతే జనం ఎందుకు ఆగుతారు? 2000 అక్టోబరులో వచ్చిన ఏసీ21 అనే చట్టమే కారణం. అంతకుముందు హెచ్‌-1బికి ఆరేళ్ళే గడువు, తర్వాత సామాన్లు సర్దుకోవాల్సిందే. ఐ-140 (ఉద్యోగి గ్రీన్‌కార్డు కోసం యజమాని వేసే దరఖాస్తు) ఆమోదం పొంది డేట్, అంటే క్యూలో వంతు, రానివాళ్ళకు మూడేసి ఏళ్ళు, లేబర్ సర్టిఫికేషనో (దానికి ముందు కార్మికశాఖ నుంచి తెచ్చుకునే ధ్రువీకరణ) ఐ-140నో దాఖలై ఏడాది దాటి నలుగుతున్నవాళ్ళకు ఏడాదేసి పొడిగించుకోవచ్చని ఈ చట్టం చెప్పింది. ఉద్యోగులకు అది మేలే. ఆ వెసులుబాటుతో తల్లిదండ్రుల నిరీక్షణకు హద్దు పోయింది, పిల్లల వయసుకున్న హద్దు మాత్రం అక్కడే ఉంది. ఈ సమస్యకు అసలు మొదలు ఇదేనని మా అభిప్రాయం.

2005 దాకా ఇది బయటపడలేదు. అంతకుముందు ఏళ్ళలో వాడకుండా మిగిలిన నంబర్లను ఏసీ21 తిరిగి వాడుకోనిచ్చింది. అవి అయిపోగానే, 2005 అక్టోబరు వీసా బులెటిన్‌లో (వంతు ఏ తేదీ దాకా వచ్చిందో నెలనెలా చెప్పే ప్రకటన) ఇండియా తేదీలు ఒక్కసారిగా ఏళ్ళకేళ్ళు వెనక్కి పోయాయి. 2007 జులైలో దాదాపు అన్ని కేటగిరీలూ కరెంట్ అని, అంటే అందరి వంతూ వచ్చిందని, బులెటిన్ ప్రకటించింది. జనం వైద్యపరీక్షలు చేయించుకుని కాగితాలు సిద్ధం చేసుకున్నాక, జులై 2న నంబర్లు లేవన్నారు. దరఖాస్తుదారులు గాంధీ మార్గంలో ఇమిగ్రేషన్ ఆఫీసుకు పూలగుత్తులు పంపారు. జులై 17న నిర్ణయం మార్చుకుని ఆగస్టు 17 దాకా దరఖాస్తులు తీసుకున్నారు. ఆ నెల రోజుల్లో ఫైల్ చేయగలిగిన ఇళ్ళలో పిల్లలు చాలామటుకు గట్టెక్కారు. 2022లోనూ అలాంటి ఊపు వచ్చింది. కోవిడ్ వల్ల మిగిలిన కుటుంబ వీసా నంబర్లు ఇటు చేరడంతో ఈబీ-2 ఇండియా తేదీ 2014 డిసెంబరు దాకా పోయి, 2023లో తిరిగి 2011 జనవరి 1కి పడిపోయింది.

పిల్లల కోసమే వచ్చిన చట్టం ఒకటుంది, 2002 ఆగస్టు 6 నాటి చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ యాక్ట్. ఆఫీసులో ఫైలు నలిగినంత కాలానికి పిల్లలు శిక్ష అనుభవించకూడదన్నది దాని ఉద్దేశం. అందుకే అది ఐ-140 పరిశీలనలో ఉన్న రోజులను మాత్రమే వయసులోంచి తీసేస్తుంది. క్యూలో గడిచిన పన్నెండేళ్ళను తీయదు. లెక్క ఇలా వేస్తారు: ప్రయారిటీ డేట్ (క్యూలో చేరిన తేదీ) కరెంట్ అయిన నెల మొదటి తేదీ, ఐ-140 ఆమోదం పొందిన తేదీ, ఈ రెంటిలో ఏది తర్వాతదో ఆ రోజుకు బిడ్డ వయసెంతో చూడాలి. ఐ-140 దాఖలైన రోజు నుంచి ఆమోదించిన రోజు దాకా ఉన్న రోజులను అందులోంచి తీసేయాలి. మిగిలింది 21లోపు ఉండాలి, పెళ్ళి కాకూడదు, డేట్ వచ్చిన ఏడాదిలోగా గ్రీన్‌కార్డు దరఖాస్తు వేయాలి. ఆ లోపే డేట్ మళ్ళీ వెనక్కి పోతే, అప్పటికి ఫైల్ చేయనివాళ్ళ వయసును మళ్ళీ కొత్తగా లెక్కిస్తారు.

తెలియక దెబ్బతినేది ఇక్కడే. డేట్ వచ్చిన రోజుకు అమ్మాయి వయసు 21 ఏళ్ళ 5 నెలలు అనుకుందాం. ఐ-140 మామూలు పద్ధతిలో 200 రోజులు పట్టి ఉంటే, ఆరున్నర నెలలు తీసేస్తే 20 ఏళ్ళ 10 నెలల పైచిలుకు, అంటే ఆమె బిడ్డే. అదే ఐ-140 ప్రీమియం ఫీజు కట్టి 12 రోజుల్లో తెప్పించుకుని ఉంటే తీసేది 12 రోజులే, ఆమె 21 దాటి ఏజ్ అవుట్ అయినట్టే. పెద్దపిల్లలున్నవాళ్ళు ప్రీమియం ఎంచుకునే ముందు ఈ లెక్క లాయరుతో వేయించుకోవాలి.

డేట్ ఏ పట్టిక ప్రకారం చూడాలన్నదీ మారుతూ వచ్చింది. బులెటిన్‌లో రెండు పట్టికలుంటాయి. దరఖాస్తు తీసుకునే తేదీలది ఒకటి, కార్డు ఇచ్చే తేదీలది ఇంకొకటి. మొదటిది సాధారణంగా ముందుంటుంది. 2023 ఫిబ్రవరి 14 నుంచి, మొదటి పట్టికతో ఫైల్ చేయనిచ్చిన నెలల్లో దాని ప్రకారమే వయసు లెక్కించారు. 2025 ఆగస్టు 15న ఆ వెసులుబాటు తీసేసి రెండో పట్టికకు మార్చారు. ఆ తేదీకి ముందే పడి ఉన్న దరఖాస్తులకు పాత లెక్కే వర్తిస్తుంది.

21 దాటితే ఎక్కువమంది ఎఫ్‌-1 విద్యార్థి హోదాకు మారతారు. ఆ మార్పు కోసం ఐ-539 దరఖాస్తును పుట్టినరోజుకు ముందే వేయాలి, ఒక్క రోజు ఆలస్యమైనా హోదా తెగిపోతుంది. ఎఫ్‌-1 అడిగేవాళ్ళు చదువయ్యాక సొంత దేశానికి వెళ్ళిపోతామని చూపించాలి. ఊహ తెలిసిన నాటి నుంచి టెక్సస్‌లో పెరిగిన పిల్లవాడు గుంటూరులో తన ఇల్లేదో చూపించాల్సి వస్తుంది. హెచ్‌-4లో ఉన్నన్నాళ్ళూ వేసవి ఉద్యోగం చేయనివ్వరు, ఫెడరల్ ఆర్థిక సాయం అందదు. 2015 మే నుంచి హెచ్‌-4 భార్యాభర్తలకు పని అనుమతి వచ్చింది, అదీ హెచ్‌-1బిలో ఉన్నవాళ్ళకు ఐ-140 ఆమోదమో, ఏసీ21 కింద ఆరేళ్ళు దాటిన పొడిగింపో ఉంటేనే, పిల్లలకు కాదు. హెచ్‌-4లో స్థానిక ఫీజు ఇచ్చిన కొన్ని రాష్ట్రాల కాలేజీలు ఎఫ్‌-1కి మారగానే విదేశీ విద్యార్థి ఫీజు అడుగుతాయి. చదువయ్యాక ఏడాది ఓపీటీ (చదివిన రంగంలో పనిచేసే అనుమతి), స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సయితే మరో 24 నెలలు, ఆ పైన హెచ్‌-1బి లాటరీ. నాన్న పేరున పోగైన ప్రయారిటీ డేట్ బిడ్డకు రాదు, క్యూ చివర మళ్ళీ నిలబడాలి. తల్లిదండ్రుల పాత తేదీని పిల్లలకు నిలిపి ఉంచాలని వేసిన కేసును, అది కుటుంబ కేటగిరీదైనా, 2014 జూన్‌లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

2012లో ఒబామా ప్రభుత్వం చిన్నప్పుడు వచ్చిన పిల్లలను దేశం నుంచి పంపేయకుండా ఆపడానికి తెచ్చిన డాకా పథకం వీళ్ళకు వర్తించలేదు. ఆ ఏడాది జూన్ 15 నాటికి చట్టబద్ధ హోదా లేనివాళ్ళకే అది. దేశాలవారీ పరిమితిని ఎత్తేసే బిల్లును 2019 జులైలో ప్రతినిధుల సభ, అందుకు భిన్నమైన పాఠాన్ని 2020 డిసెంబరులో సెనేట్ ఆమోదించాయి. రెండూ ఒకటి కాక చట్టమవలేదు. 2021లో ఈ పిల్లల కోసమే ప్రవేశపెట్టిన అమెరికాస్ చిల్డ్రన్ యాక్ట్ కూడా ఓటింగు దాకా రాలేదు.

చట్టంలోనే ఉన్న ఒక వెసులుబాటు తెలుగువాళ్ళలో కొందరికి పనికొస్తుంది. పరిమితి లెక్కించేది పౌరసత్వాన్ని బట్టి కాదు, పుట్టిన దేశాన్ని బట్టి. తండ్రి కరీంనగర్‌లో పుట్టినా తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో పుట్టి ఉంటే, ఇంటిల్లిపాదీ ఆమె పుట్టిన దేశం క్యూలో నిలబడవచ్చు. ఆ క్యూ ఇండియా క్యూ కంటే చాలా చిన్నది. పిల్లలు పుట్టిన దేశాన్ని మాత్రం తల్లిదండ్రులు ఇలా వాడుకోలేరు. దీనికి ఆ దేశపు జనన ధ్రువపత్రం కావాలి. ఇండియా ఎంబసీ ఇచ్చిన రిజిస్ట్రేషన్ ఒక్కటే సరిపోతుందనుకుని ఆగిపోకూడదు.

వయసు లెక్కకు ఐ-140 రసీదు, ఆమోదపత్రం రెండూ అవసరం. అవి సాధారణంగా యజమాని దగ్గర, వాళ్ళ లాయరు దగ్గర ఉంటాయి. కంపెనీ మారినవాళ్ళకూ, మూతపడిన కంపెనీలో పనిచేసినవాళ్ళకూ ఆ కాపీలు చాలాసార్లు దొరకవు. ఇమిగ్రేషన్ ఆఫీసుకు సమాచార హక్కు చట్టం లాంటి ఫోయా కింద ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకుంటే ఆ ఫైలు కాపీ తెప్పించుకోవచ్చు. అది రావడానికి నెలలు పట్టవచ్చు కాబట్టి బిడ్డ హైస్కూల్లో ఉండగానే అడిగి పెట్టుకోవాలి.