సీరియల్ పోర్టులో పొడవైన డేటా: అపోహలు - వాస్తవాలు

విశాఖ గాజువాక ఆటోనగర్ షెడ్లలో సీఎన్‌సీ మెషిన్లకు (కంప్యూటర్ ప్రోగ్రాంతో లోహం కోసే యంత్రాలకు) ప్రోగ్రాములు ఎక్కించే పని నాది. పాత మెషిన్లకు ఇప్పటికీ డేటాను ఒక్కో బిట్‌గా పంపే సీరియల్ కేబులే దిక్కు. పది లైన్ల ప్రోగ్రాం చక్కగా వెళ్తుంది. పదిహేను వందల లైన్లదైతే మధ్యలో అక్షరాలు ఎగిరిపోతాయి. అప్పుడు తరచూ వినే మాటలివి.

అపోహ: తప్పంతా కేబుల్‌దే.
వాస్తవం: మన సముద్రపు గాలికి పిన్నులు తుప్పు పట్టడం నిజమే, ముందు అది చూడాల్సిందే. కానీ చిన్న ఫైలు ఎప్పుడూ సరిగ్గా వెళ్లి, పెద్దది మాత్రమే చెడిపోతుంటే నా అనుమానం బఫర్ మీదే, అంటే వచ్చిన డేటాను చదివేదాకా దాచే చిన్న మెమరీ మీదే.

అపోహ: పంపే స్క్రిప్టులో రైట్ (write) కమాండ్ అయిపోయిందంటే డేటా చేరినట్టే.
వాస్తవం: పైథాన్‌లో సీరియల్ పోర్టుకు వాడే పైసీరియల్ లైబ్రరీలో రైట్, డేటాను ఆపరేటింగ్ సిస్టమ్ చేతిలో పెట్టి వచ్చేస్తుంది. 9600 బాడ్‌లో (సెకనుకు 9600 బిట్ల వేగంలో) స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి ఒక్కో బైటుకు 10 బిట్లు, అంటే సెకనుకు 960 బైట్లే. 20,000 బైట్ల ఫైలుకు 21 సెకన్లు పడుతుంది. ఫ్లష్ (flush) కమాండ్ వాడితే పంపడం అయ్యేదాకా ఆగుతుంది. అవతల అందిందో లేదో అదీ చెప్పదు.

అపోహ: లైనుకో స్లీప్ (కాసేపు ఆగే కమాండ్) పెడితే చాలు.
వాస్తవం: నేనూ చాలాకాలం ఇలాగే నెట్టుకొచ్చాను. అవతలి వైపు ఒకసారి త్వరగా చదువుకుంటుంది, ఒకసారి ఆలస్యం చేస్తుంది. ఆర్డునో ఊనో అనే చిన్న కంట్రోలర్ బోర్డులో అందుకునే బఫర్ 64 బైట్లే, 9600లో 67 మిల్లీసెకన్లకే నిండిపోతుంది. ఒక పాత కంట్రోలర్‌లో టూల్ వెళ్లాల్సిన స్థానం ఎక్స్ 125.4 కాస్తా ఎక్స్ 15.4 అయింది, అలారం కూడా రాలేదు. జాబ్ (కోయాల్సిన ముక్క) బిగించకుండా గాల్లో తిప్పి చూస్తున్నాం కాబట్టి టూల్ దేనికీ తగల్లేదు. ఆ రోజు చెమటలు పట్టేశాయి.

‘ఆగు’, ‘పంపు’ అని మెషినే చెప్పాలి. ఎక్సాఫ్ (ఆస్కీ కోడ్ 19), ఎక్సాన్ (కోడ్ 17) అక్షరాలు అందుకే. పైసీరియల్‌లో ఇది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, మనమే ఆన్ చేయాలి. మెషిన్ సెట్టింగూ అదే ఉండాలి. బైనరీ డేటాలో ఆ రెండు బైట్లూ మామూలుగానే రావచ్చు, అక్కడ ‘ఆగు’, ‘పంపు’ సంకేతాలకు విడిగా ఉండే ఆర్‌టీఎస్, సీటీఎస్ తీగలు కావాలి. దానికి మూడు తీగల కేబుల్ పనికిరాదు.

అపోహ: పారిటీ (బైటుకు తోడుగా పంపే తనిఖీ బిట్) తప్పులు సరిదిద్దుతుంది.
వాస్తవం: సరిదిద్దదు. బైటులో ఒక బిట్ మారితే పట్టుకుంటుంది, రెండు మారితే పట్టుకోదు. బైటే పోతే దానికి తెలియనే తెలియదు. అందుకే ఎక్కించిన ప్రోగ్రాంను మెషిన్ నుంచి వెనక్కి తెప్పించుకుని అసలు ఫైలుతో పోల్చుతాను. రెండూ కలిశాకే మెషిన్‌ను నడిపించే సైకిల్ స్టార్ట్ బటన్ నొక్కనిస్తాను.