లండన్ ఇంటికి లెక్క చెప్పమంటే: అన్‌ఎక్స్‌ప్లెయిన్డ్ వెల్త్ ఆర్డర్లపై అపోహలు - వాస్తవాలు

అపోహ: ఆర్డర్ వచ్చిందంటే ఆస్తి పోయినట్టే.

వాస్తవం: పోదు. 2018 జనవరి 31 నుంచి బ్రిటన్‌లో అమల్లో ఉన్న ఈ అన్‌ఎక్స్‌ప్లెయిన్డ్ వెల్త్ ఆర్డర్ (లెక్క తేలని ఆస్తిపై కోర్టు ఇచ్చే ఉత్తర్వు) అడిగేది ఒక్కటే: కొనడానికి డబ్బెక్కడిది? ఆస్తి విలువ 50,000 పౌండ్లు దాటాలి. స్వాధీనం చేసుకోవాలంటే వేరే సివిల్ దావా వేయాల్సిందే. జవాబివ్వకుండా ఊరుకుంటే మాత్రం ఆ దావాలో అది అక్రమార్జన కాదని నిరూపించుకునే భారం మీదే. తెలిసి అబద్ధమాడితే రెండేళ్ల దాకా జైలు.

అపోహ: మన ఏసీబీ పెట్టే ఆదాయానికి మించిన ఆస్తుల కేసు లాంటిదే.

వాస్తవం: అది ప్రభుత్వోద్యోగి మీద క్రిమినల్ కేసు. ఇక్కడ శిక్ష పడాల్సిన పనే లేదు, ప్రభుత్వోద్యోగే కానక్కర్లేదు.

అపోహ: ‘నా మీద నేనే సాక్ష్యం చెప్పను’ అంటే తప్పించుకోవచ్చు.

వాస్తవం: అజర్‌బైజాన్‌లో ఓ బ్యాంకు మాజీ ఛైర్మన్ భార్య, లండన్‌లోని ఖరీదైన దుకాణం హారడ్స్‌లో పదేళ్లలో కోటీ 60 లక్షల పౌండ్లు ఖర్చు చేసినావిడ, ఈ వాదన కూడా చేశారు. 2020 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు.

అపోహ: ఇల్లు పనామా ఫౌండేషన్ (అసలు యజమాని ఎవరో బయటికి కనపడని విదేశీ సంస్థ) పేరు మీదుంటే చాలు, ఆర్డర్ అడిగిన దర్యాప్తు ఏజెన్సీ గెలిచినట్టే.

వాస్తవం: అసలు చిక్కంతా ఇక్కడే. కజకిస్థాన్ మాజీ అధ్యక్షుడి కూతురు దారిగా నజర్‌బయేవా, ఆమె కొడుకుకు సంబంధించిన మూడు లండన్ ఇళ్లు, విలువ సుమారు 8 కోట్ల పౌండ్లు. ఆమె మాజీ భర్త రఖత్ అలియేవ్ నేర సంపాదనతోనే కొన్నారని బ్రిటన్ దర్యాప్తు సంస్థ నేషనల్ క్రైమ్ ఏజెన్సీ వాదన. ఎదుటి పక్షం లేకుండానే 2019లో ఆర్డర్లు తెచ్చుకుంది. తర్వాత వాళ్లు తమ డబ్బు ఎక్కడిదో కాగితాలు చూపించారు. పైగా 2007లోనే విడాకులైపోయాయి. ఏజెన్సీ వాటిని సరిగా తూచనే లేదు. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆర్డర్లు కొట్టేసింది. క్లిష్టమైన యాజమాన్యం ఒక్కటే అనుమానానికి చాలదంది. ఏజెన్సీ కట్టాల్సిన ఎదుటివాళ్ల కోర్టు ఖర్చుల బిల్లు సుమారు 15 లక్షల పౌండ్లని వార్తలొచ్చాయి. నా లెక్కలో ఏజెన్సీని వెనక్కి తగ్గించింది తీర్పు కన్నా ఆ బిల్లే. అందుకే 2022లో చట్టం మార్చారు: ఏజెన్సీ అసమంజసంగానో, నిజాయితీ లేకుండానో, అనుచితంగానో వ్యవహరిస్తే తప్ప ఓడినా ఎదుటివాళ్ల ఖర్చులు కట్టక్కర్లేదు.

అపోహ: ఎన్ని కాగితాలిస్తే అంత మంచిది.

వాస్తవం: క్లయింట్లకు ఇది చెప్పడమే కష్టం. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌కు చెందిన ఓ వ్యాపారి 76 పేజీల వాంగ్మూలం, 127 ఫైళ్లు ఇచ్చారు. దర్యాప్తుకు కొత్త దారులు వాటిలోనే దొరికాయి. 2020 అక్టోబర్‌లో రాజీ కుదిరేనాటికి ఆయన వదులుకున్నవి 45 ఇళ్లు, స్థలాలు, నగదు, అంతా కలిపి దాదాపు కోటి పౌండ్లు.