పాటలు అవే, పీటలు మారాయి

1999 మార్చిలో న్యూయార్క్‌లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ (రాక్ సంగీతంలో పేరున్నవాళ్లని గౌరవించే సంస్థ) వేడుక జరిగింది. పాల్ మెకార్ట్నీని సోలో గాయకుడిగా అందులో చేర్చుకుంటున్న రోజు. కూతురు స్టెల్లా వేసుకొచ్చిన తెల్ల టీషర్ట్ మీద 'ఇన్నాళ్లకు గుర్తొచ్చాడా' అనే అర్థంలో ఒక వాక్యం, మధ్యలో పచ్చి బూతు మాట. ఆ కోపంలో అన్యాయమేమీ లేదు. పాల్ వాయించిన 1960ల బ్రిటిష్ రాక్ బృందం బీటిల్స్ నలుగురినీ కలిపి 1988లోనే గౌరవించారు. విడివిడిగా చూస్తే జాన్ లెనన్‌కి 1994లోనే పీట వేశారు. పాల్ ఐదేళ్లు ఆగాడు. జార్జ్ హారిసన్ వంతు 2004లో వచ్చింది, అప్పటికి ఆయన చనిపోయి రెండేళ్లు దాటింది. డ్రమ్మర్ రింగో స్టార్‌ని 2015 దాకా కూర్చోబెట్టారు.

ఈ వరస మొదటి నుంచీ ఉన్నది కాదు. 1964లో బీటిల్స్ అమెరికాలో దిగినప్పుడు రింగో చుట్టూ చేరిన సందడి అంతా ఇంతా కాదు. 'రింగో ఫర్ ప్రెసిడెంట్' అని సరదా ప్రచారం కూడా నడిచింది. అప్పటి అభిమానికి నలుగురూ నలుగురే. ఎవరు మేధావి, ఎవరు పక్కవాయిద్యం అన్న లెక్కలు బృందం విడిపోయాకే బలపడ్డాయి. రాజ్–కోటి విడిపోయాక మనవాళ్లు 'అసలు ట్యూన్ ఎవరిది' అని తెగ వాదించుకున్నట్టే అనుకోండి, కాకపోతే ఇది యాభై ఏళ్లు సాగింది.

మొదటి దెబ్బ పాల్‌కే తగిలింది. 1970 ఏప్రిల్ 10న పాల్ బీటిల్స్‌ని వదిలేశాడని లండన్ పత్రిక డైలీ మిర్రర్ పతాక శీర్షిక పెట్టింది. నిజానికి 1969 సెప్టెంబరులోనే తాను వెళ్లిపోతున్నానని లెనన్ మిగతావాళ్లకి చెప్పేశాడు. రికార్డు కంపెనీతో ఒప్పందాలు నడుస్తున్నాయి, బయటికి చెప్పొద్దని మేనేజర్ అలెన్ క్లెయిన్ ఆపాడు. ఆ గుట్టు తెలియని జనానికి బృందాన్ని విడగొట్టినవాడు పాల్ అయ్యాడు. దానికి తోడు అదే ఏడాది డిసెంబరు 31న మిగతా ముగ్గురి మీదా కోర్టుకెక్కాడు. క్లెయిన్ చేతిలోంచి బయటపడాలంటే భాగస్వామ్యాన్ని రద్దు చేయించుకోవడం తప్ప అతనికి వేరే దారి కనిపించలేదు. స్నేహితుల మీద కేసు పెట్టినవాడన్న ముద్ర మాత్రం గట్టిగా పడింది. మూడేళ్లు తిరక్కుండానే ఆ ముగ్గురూ క్లెయిన్‌ని వదిలించుకుని అతనితోనే కోర్టుల్లో తలపడ్డారు. పన్ను కేసులో క్లెయిన్ తర్వాత జైలుకీ వెళ్లాడు. అప్పుడు పాల్‌ని 'నువ్వే కరెక్ట్' అన్నవాళ్లు తక్కువ.

ఈలోగా లెనన్ రోలింగ్ స్టోన్ పత్రికకి పెద్ద ఇంటర్వ్యూ ఇచ్చాడు. 1971 మొదట్లో రెండు భాగాలుగా వచ్చింది. అందులో కోపం, బాధ, అతిశయం అన్నీ ఉన్నాయి. బీటిల్స్ చరిత్రగా చాలాకాలం చెలామణీ అయింది అదే. లెనన్ అంటే తిరుగుబాటు, నిజాయితీ, ప్రయోగం. పాల్ అంటే తియ్యటి ట్యూన్లు, కుటుంబం, వ్యాపారం. లెనన్ మాటకారి, విమర్శకులకి అలాంటివాడే కావాలి. పాల్ 1971లో తెచ్చిన 'రామ్' ఆల్బమ్‌ని అదే పత్రిక చీల్చి చెండాడింది. ఇప్పుడు అతని సోలో ఆల్బమ్‌ల్లో మేలైనది ఏదంటే చాలామంది ముందు చెప్పేది అదే.

1980 డిసెంబరు 8న లెనన్‌ని న్యూయార్క్‌లో కాల్చి చంపారు. ఇక తూకం వేయడం కుదరని పని అయింది. మర్నాడు లండన్ స్టూడియో నుంచి బయటికొస్తున్న పాల్ మొహం మీద విలేకరులు మైకులు పెట్టారు. ఏం మాట్లాడాలో తోచక, ఇది 'డ్రాగ్' కదా అన్నాడు, మనం 'ప్చ్, ఏం చేస్తాం' అంటామే అలాంటి మాట. టీవీలో, పత్రికల్లో ఆ ఒక్క ముక్కే పదే పదే వచ్చింది. గుండె నిండా బాధ ఉన్నవాడు కూడా కెమెరా ముందు పొడి మాట అనేయగలడని అప్పుడెవరికీ తట్టలేదు. 1981లో జీవితచరిత్రకారుడు ఫిలిప్ నార్మన్, బీటిల్స్‌లో ముప్పావు వంతు లెననే అనేశాడు. అదే నార్మన్ 2016లో పాల్ జీవితచరిత్ర రాశాడు. తన పాత మాట తప్పని ఒప్పుకున్నాడు.

మధ్యలో ఏం మారింది? నన్నడిగితే, 1988 ముఖ్యం. మార్క్ లూయిసన్ అనే పరిశోధకుడు బీటిల్స్ పాటలు రికార్డు చేసిన ఇఎంఐ స్టూడియో టేపులు విని, ఏ రోజు ఎవరు ఏం చేశారో రాసిన పుస్తకం ఆ ఏడాది వచ్చింది. అంతవరకు జ్ఞాపకాల మీద, పగల మీద నడిచిన వాదనకి మొదటిసారి రోజువారీ లెక్క దొరికింది. ప్రయోగాలన్నీ లెనన్‌వే అనుకున్నవాళ్లకి చిన్న షాక్. 1966 నాటి 'టుమారో నెవర్ నోస్' పాట లెనన్‌దే, కానీ అందులో గింగిరాలు తిరిగే టేపు ముక్కల ఆలోచన పాల్ ఇంట్లో టేప్ రికార్డర్‌తో ఆడుకుంటూ తెచ్చినది. అప్పట్లో లెనన్ ఊరి శివార్లలో కాపురం ఉంటే, లండన్‌లో కొత్త సంగీతం వినడానికి తిరిగింది పాల్.

జార్జ్‌ది వేరే కథ. ఆల్బమ్‌కి ఒకటో రెండో పాటలు అతనికి మిగిల్చేవారు. 'సమ్‌థింగ్' పాటని ఫ్రాంక్ సినాట్రా వేదికల మీద లెనన్–మెకార్ట్నీ పాటగా పరిచయం చేసేవాడని చెబుతారు, అది జార్జ్ రాసినది. 1970లో మూడు రికార్డుల ఆల్బమ్‌తో ఒక్కసారిగా ముందుకొచ్చాడు. 1971 ఆగస్టు 1న పండిట్ రవిశంకర్‌తో కలిసి బంగ్లాదేశ్ శరణార్థుల కోసం కచేరీ చేశాడు. 1974 టూర్‌లో గొంతు బొంగురుపోయింది, 1976లో అతని 'మై స్వీట్ లార్డ్' పాట వేరే పాటకి తెలియకుండా చేసిన కాపీయేనని కోర్టు తేల్చింది, పేరు మసకబారింది. ఈ తరం పిల్లలకి ఈ గొడవలేవీ పట్టవు. స్పాటిఫైలో బీటిల్స్ పాటల్లో ఎక్కువమంది వింటున్నది అతని 'హియర్ కమ్స్ ద సన్'. 2023లో అది విన్నసార్ల లెక్క వంద కోట్లు దాటింది.

2021 నవంబరులో దర్శకుడు పీటర్ జాక్సన్ తీసుకొచ్చిన బీటిల్స్ డాక్యుమెంటరీ 'గెట్ బ్యాక్' వచ్చింది. 1969 జనవరిలో తీసిన పాత ఫిల్మే, దాదాపు ఎనిమిది గంటలు. ఒక ఉదయం లెనన్ ఇంకా రాలేదు. పాల్ బేస్ గిటార్ మీద ఏదో బాదుతున్నాడు, జార్జ్ ఆవలిస్తున్నాడు, రింగో చూస్తున్నాడు. రెండు మూడు నిమిషాల్లో ఏమీ లేని చోట 'గెట్ బ్యాక్' పాట తయారవుతుంది. పాల్ బాసిజం చేశాడన్న పాత ఫిర్యాదు పక్కనే, అతను ముందుకు తోయకపోతే పని జరిగేది కాదన్న సంగతీ కళ్లముందే ఉంది. లెనన్ సహచరి, తర్వాత భార్య అయిన యోకో ఓనో అయితే చాలాసేపు పక్కన కూర్చుని పేపరు చదువుకుంటూ కనిపిస్తుంది. బృందాన్ని విడగొట్టిన మాయలాడి అని ఆమెను తిట్టినవాళ్లకి అక్కడ పెద్దగా సాక్ష్యం దొరకదు. లెనన్ విగ్రహానికేమో వేరే వైపు నుంచి బీటలు వచ్చాయి. ఆడవాళ్లని కొట్టేవాడినని 1980లో తనే ఒప్పుకున్నాడు. పెద్ద కొడుకు జూలియన్‌ని పట్టించుకోలేదన్నదీ దాచిన విషయం కాదు. అప్పటి పాఠకులు దాటేసిన ఆ మాటల దగ్గర ఇప్పటివాళ్లు ఆగుతున్నారు.

ఇక రింగో. అనుమానం 1962 సెప్టెంబరు 11నే మొదలైంది. ఆ రోజు 'లవ్ మీ డూ' రికార్డింగ్‌కి స్టూడియో వాళ్లు ఆండీ వైట్ అనే డ్రమ్మర్‌ని పిలిచి, రింగో చేతికి టాంబరిన్ ఇచ్చారు. ఎడమచేతివాటం మనిషి కుడిచేతివాళ్ల డ్రమ్స్ మీద వాయిస్తాడు, అందుకే అతని చరుపులు మరొకరు ఊహించని చోట పడతాయి. మరీ ఇంత ఒడుపైనవాడిని కూరలో కరివేపాకులా చూశారు. టేపులు వినగా తేలిందేమిటంటే, రింగో పొరపాటు వల్ల ఆగిన టేకులు బహు తక్కువ. 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతన్ని పరిచయం చేసింది పాలే. 'బీటిల్స్‌లో కూడా రింగో బెస్ట్ డ్రమ్మర్ కాదు' అని లెనన్ అన్నట్టు చెప్పే జోకు, 80ల మొదట్లో బ్రిటిష్ హాస్య కార్యక్రమాల్లో పుట్టిందని లూయిసన్ తేల్చాడు. అప్పటికి లెనన్ లేడు. జోకు మాత్రం ఇప్పటికీ ఆయన పేరు మీదే తిరుగుతోంది.