రెండుసార్లు జమ అయిన బండి

చిత్తూరు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

సర్వర్‌లెస్ అంటే సర్వర్ లేకపోవడమే కదా అని మొన్న ఫోనులో అడిగారు. కాదు. ఆ పేరు పెట్టినవాళ్లు కాస్త తొందరపడ్డారని నా అభిప్రాయం. ముంబయిలోనో హైదరాబాదులోనో డేటా సెంటర్‌లో సర్వర్, అంటే ప్రోగ్రాములు నడిపే కంప్యూటర్, ఉండనే ఉంటుంది. దాన్ని కొనే బాధ, కాపలా కాసే బాధ మనకుండవు, అంతే.

మన జిల్లాలో తోతాపురి కాలం మీరు చూసిందే. జూన్, జూలై నెలల్లో గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. ఆ తర్వాత ఆ గేటు దగ్గర కుక్క కూడా పడుకోదు. రెండు నెలల పనికి ఏడాది పొడవునా సర్వర్ అద్దె కట్టడం దండగ కదా? ఈ పద్ధతిలో బండి వస్తేనే మన ప్రోగ్రాం లేస్తుంది. ఒకేసారి పది వస్తే పదిచోట్ల లేస్తుంది. బండి లేకపోతే కూలీ లేదు. ఆ బండి రావడాన్నే ఈవెంట్ అంటారు, లేచి పని చేసేది ఫంక్షన్.

అమెజాన్ 2014లో లాంబ్డా పేరుతో దీన్ని ప్రకటించింది. మైక్రోసాఫ్ట్, గూగుల్ కూడా ఇలాంటివే తెచ్చాయి. లాంబ్డాలో కూలీ మిల్లీసెకన్ల లెక్కన పడుతుంది, కానీ ఒక ఫంక్షన్‌ను 15 నిమిషాలకు మించి నడవనివ్వదు. చాలాసేపు పిలుపు లేకపోతే మొదటి పిలుపుకు కొంచెం ఆలస్యంగా పలుకుతుంది.

ఇక నా అనుభవం. నిరుడు బంధువుల మండీ కోసం ఒక ఫంక్షన్ రాశాను. గుమాస్తా కాటా చీటీని ఫోటో తీసి ఎక్కించగానే అది బరువు చదివి, రైతు ఖాతాలో జమ వేసి, ఆయన ఫోనుకు సందేశం పంపాలి. ఒక చీటీలో బండితో కలిపి 4,120 కిలోలు, ఖాళీ బండి 1,640, అంటే కాయలు 2,480. ఖాతాలో మాత్రం 4,960 పడింది! "అన్ని కాయలు నా తోటలో లేవయ్యా" అంటూ ఆ రైతే వచ్చి చెప్పాడు.

జరిగింది ఇది. జమ వేశాక సందేశం పంపడం ఆలస్యమై ఫంక్షన్ గడువు దాటింది. పని చెడిందనుకుని వ్యవస్థ దాన్ని మళ్లీ మొదటినుంచి నడిపింది. ఇలా మళ్లీ నడపడం దాని పద్ధతే. అది ఆలోచించకపోవడం నా తప్పు.

ఇప్పుడు చీటీ నంబరే తాళం. ఆ నంబరుతో జమ లేకపోతేనే రాయమని, ఖాతాలు దాచే డేటాబేస్‌కు ఒకే ఆదేశంగా చెబుతాను. ముందు చూసి తర్వాత రాస్తే కుదరదు. ఒకేసారి లేచిన రెండు ఫంక్షన్లూ "లేదు" అనే చూసి, రెండూ రాసేస్తాయి. సందేశం ఎప్పుడైనా రెండుసార్లు వెళితే వెళ్లనీ అని వదిలేశాను. అది మీ నానమ్మకు నచ్చలేదు.

మీ తాతయ్య