ఏ పల్లెపాలెం? ఏ జిల్లా?

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన నాలుగో రోజున, మేం కొందరం స్నేహితులం బియ్యం, దుప్పట్లు వేసుకుని కందుకూరు ప్రాంతంలోని ఉలవపాడు మండలంలో ఒక మత్స్యకారుల పల్లెపాలేనికి పోయాం. నా చేతిలో లాప్‌టాప్, అందులో మాకిచ్చిన ఎక్సెల్ ఫారం. మొదటి ఇంట్లోనే ఒక పెద్దావిడ ప్లాస్టిక్ కవర్లోంచి ఆధార్ జిరాక్సులు తీసి ముందు పెట్టింది. "మూడు దఫాలు రాసుకోని పోయినారు నాయనా. జిరాక్సులకే అరవై రూపాయలయింది. మీరైనా రాసుకున్నది ఎవురికన్నా చూపిస్తారా?" అంది.

మేమూ చూపించలేదు. మా లిస్టు మా దగ్గరే ఉండిపోయింది. ముందు వచ్చినవాళ్ళది వాళ్ళ దగ్గర, గ్రామ సచివాలయానిది సచివాలయంలో. సహాయ, అభివృద్ధి రంగాల్లో 'ఉమ్మడి సమాచార సేవలు' అని పెద్ద పేరుతో పిలిచేది ఆవిడ అడిగిన ఆ చూపించడాన్నే. ఒకరు రాసిన లెక్క పదిమందికి పనికిరావాలి. ఊరికి ఒకటే పేరు, ఒకటే కోడు ఉండాలి. ఎవరు ఎక్కడ ఏం చేస్తున్నారో ఒక పట్టిక, అందరి ముందూ ఒకే మ్యాపు ఉండాలి. చెప్పుకోవడానికి ఇంతే. ఎందుకు కుదరడం లేదో తెలియాలంటే చాలా వెనక్కి పోవాలి.

ఒకప్పుడు ఊరి ఉమ్మడి చిట్టా కరణంగారి దప్తరం. గుడ్డలో మూటగట్టిన ఆ అడంగళ్ళలో ఎవరి పొలం ఎంత, ఏ చెరువు కింద ఎంత తడి అన్నది ఉండేది. తహసీల్దారు అడిగినా, కోర్టు అడిగినా అదొక్కటే ఆధారం. దాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు: భూమి లేనివాడికి అందులో చోటు తక్కువ, కరణంతో తగాదా పడ్డవాడి గతి మన పెద్దలు చెప్పగా విన్నదే. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబుల వ్యవస్థను రద్దు చేసింది. అదే ఏడు నవంబరు 14న పెద్ద తుపాను అప్పటి నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోట దగ్గర తీరం దాటింది. మరుసటేడు తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. రెండేళ్ళు తిరక్కుండానే రాసే మనిషీ మారాడు, ఊరు ఏ పద్దు కింద వస్తుందో అదీ మారింది. 1977 దివిసీమ ఉప్పెన నాటి తాలూకా లెక్కల పక్కన 1990 మే తుపాను నాటి మండలం లెక్కలు పెట్టి చూడాలంటే మళ్ళీ ఊరూరూ విడగొట్టుకోవాల్సిందే.

సరిహద్దుల సంగతికి కందుకూరు ప్రాంతాన్ని మించిన సాక్ష్యం లేదు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు నుంచి ఒంగోలు తాలూకా అటు వెళ్ళింది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా పుట్టినప్పుడు నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి ప్రాంతాలు అందులో కలిశాయి. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4 పునర్విభజనలో కందుకూరు తిరిగి నెల్లూరుకు వచ్చింది, గూడూరు, సూళ్ళూరుపేట తిరుపతికి పోయాయి, చీరాల, అద్దంకి బాపట్లకు పోయాయి. ఇల్లు కదలకుండానే జిల్లా మారిన ముసలాళ్ళు కందుకూరులో వీధికి నలుగురుంటారు. మనిషికి ఇబ్బంది లేదు, పాత కవరు మీద అడ్రసు దిద్దుకుంటాడు. కంప్యూటర్లో పాత పట్టికకు ఆ తెలివి లేదు.

బయటి ప్రపంచమూ ఇదే తంటా పడింది. గల్ఫ్ యుద్ధం తర్వాత ఇరాక్‌లో కుర్దుల కష్టాల వేళ ఎవరి దారిన వాళ్ళు సాయానికి దిగిన గందరగోళం చూశాక, 1991 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ 46/182 తీర్మానం చేసి, సహాయాన్ని ఒక సమన్వయం కిందికి తేవాలంది. 1996లో రిలీఫ్‌వెబ్ అనే వెబ్‌సైటు మొదలైంది, నివేదికలన్నీ ఒకచోట దొరకడం అప్పటినుంచే. 1999లో కొసోవోలో సంస్థలన్నిటికీ కలిపి ఒక సమాచార కేంద్రం పెట్టారు. ఊళ్ళకు పేరుకు బదులు కోడు వాడడం ఇలాంటి కేంద్రాల్లో అలవాటయింది. ఆఫ్ఘనిస్తాన్‌లో ఇలాంటి సేవ సహాయ సంస్థలకే కాక అభివృద్ధి పనులకూ మ్యాపులు అందించింది. అక్కడా 2004లో రాష్ట్రాలు 32 నుంచి 34 అయ్యాయి. మన కందుకూరు తలనొప్పే, కాకపోతే దేశమంత.

2004 డిసెంబరు 26 సునామీ మన తీరాన్నీ కొట్టింది. ఆంధ్రలో వందమందికి పైగా పోయారు, ప్రకాశం, నెల్లూరు తీరాల్లో పడవలు, వలలు పోయాయి. కానీ నష్టం కొండంత జరిగింది తమిళనాడులోని నాగపట్నంలో. పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉండడం, ఒక పాలేనికి పదిమంది పోయి పక్క పాలేనికి ఎవరూ పోకపోవడం అప్పుడు అందరూ చూశారు. విదేశీ ప్రభుత్వాల తక్షణ సాయం అక్కర్లేదని భారత్ చెప్పింది. పునరావాసంలో తోడ్పడడానికి ఐక్యరాజ్యసమితి జట్టు చెన్నైలో కూర్చుంది. నాగపట్నంలో మాత్రం మత్స్యకారుల మధ్య పనిచేసే స్నేహ, సిఫ్స్ అనే సంస్థలు 2005 జనవరి మొదట్లోనే స్వచ్ఛంద సంస్థలకు ఒక ఉమ్మడి కేంద్రం తెరిచాయి. ఏ ఊరికి ఏం అందింది, ఇంకా ఏం కావాలి అన్నది అక్కడ చూసుకుని సంస్థలు కదిలేవి. నా లెక్కన ఈ కథ మొత్తంలో మనం నేర్చుకోవాల్సిన చోటు ఐక్యరాజ్యసమితి ఆఫీసులున్న జెనీవా కాదు, నాగపట్నమే. మత్స్యకారుల పక్షాన ఏళ్ళ తరబడి పనిచేస్తున్నవాళ్ళు దాన్ని నడిపారు కాబట్టి పాలెం పేరు చెప్తే అది ఎక్కడో ఎవరూ అడగాల్సిన పని లేకపోయింది.

ఆ తర్వాత మనకు విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది (2005), హైదరాబాద్‌లో సముద్ర సమాచారం చూసే ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం వచ్చింది (2007). హెచ్చరిక విషయంలో ఈ ఇరవై ఏళ్ళలో నిజంగా మార్పొచ్చింది. ఒక చోటినుంచి ఒకే మాట, ఫోను మోగుతుంది, జనం షెల్టరుకు పోతారు. తుపాను వెళ్ళిపోయిన మర్నాటి నుంచి మాత్రం ఎవరి పుస్తకం వాళ్ళది. 2021 నవంబరులో పెన్న పొంగి నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయినప్పుడు, ఏ రోడ్డు తెగిందన్నది మా వాట్సాప్ గ్రూపులో అన్నిటికంటే ముందు లారీ డ్రైవర్ల వాయిస్ మెసేజిల్లోనే తెలిసింది.

అసలు చిక్కు పేర్లలోనే ఉంది. పల్లెపాలెం, పట్టపుపాలెం అన్నవి మన తీరంలో మండలానికొకటైనా తగులుతాయి. వాటిలో చాలావాటికి జనగణన కోడు లేదు, ఎందుకంటే కోడు రెవెన్యూ గ్రామానికి, పాలెం దాని శివారు. పంచాయతీరాజ్ లెక్కలో ఒక కోడు, బడికి ఇంకో కోడు, మంచినీళ్ళ శాఖకు వేరే కోడు. ఇంగ్లీషులో రాస్తే 'పాలెం'కి 'ఎ' ఒకటా రెండా, చివర్న 'ఎమ్'కి ముందు ఏముంది అన్నది రాసేవాడి ఇష్టం. కంప్యూటరుకి అవి నాలుగు ఊళ్ళు. కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడ్ దగ్గరా ఇదే తంతు: బోరు నీళ్ళు పరీక్షించేది ఒక శాఖ, వంగిపోయిన కాళ్ళు చూసేది మరో శాఖ. ఆ బోరూ ఈ కాళ్ళూ ఒకే ఊరివని చెప్పాలంటే రెండు పట్టికల్లో ఊరి పేరు ఒకేలా ఉండాలిగా.

ఉమ్మడి అనగానే అన్నీ కలిపేయమని కాదు. ఊళ్ళు, దారులు, బోర్లు, షెల్టర్లు, ఎవరు ఏం పంచారన్నది అందరికీ కావాలి. ఆ పెద్దావిడ ఆధార్ జిరాక్సు ఎవరికీ అక్కర్లేదు, నాకూ అక్కర్లేదు. అయినా ఫారంలో గడి ఉంది కాబట్టి తీసుకున్నాను.

ఆ ఫారం ఇప్పటికీ నా దగ్గరుంది. జిల్లా నెల్లూరు అని పెడితే మండలాల జాబితాలో ఉలవపాడు కనిపించలేదు, అది 2022కి ముందు తయారైన పట్టిక. చీకటి పడుతోంది, చినుకులు పడుతున్నాయి. ప్రకాశం అని నొక్కి, ఉలవపాడు ఎంచుకుని, ఆ ఇళ్ళన్నీ అందులోనే రాసేశాను.